పాత లంబోర్గినితో హైదరాబాద్‌లో: నా అనుభవం

2021 చివర్లో నేను కొన్నది లంబోర్గిని గల్లార్డో ఎల్‌పి 560-4. 2011లో బెంగళూరులో రిజిస్టరైన ఈ కారుకు నేను మూడో యజమానిని. జీడిమెట్లలో చిన్న ప్యాకేజింగ్ యూనిట్ నడుపుకునే నాకు యంత్రాలూ, వాటి మరమ్మతు ఖర్చులూ కొత్త కావు. ఇలాంటి కారు ఎంత వేగంగా పోతుందో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు గానీ, అది సెల్లారులోంచి రోడ్డెక్కడానికి ఏమేం కావాలో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. కొనాలనుకునేవారికి పనికొస్తుందని ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

గల్లార్డోనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2003 నుంచి 2013 వరకు ఈ మోడల్ కార్లు పద్నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. ఈ తరగతిలో అది చాలా పెద్ద సంఖ్య. అన్ని కార్లు బయటికి వచ్చినప్పుడు విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, వాటికి వచ్చే జబ్బులేమిటో మెకానిక్కులకు తెలిసి ఉంటుంది. 2008 నుంచి ఇందులో పెట్టిన 5.2 లీటర్ల, పది సిలిండర్ల ఇంజను 560 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆయిల్ వేళకు మార్చి, ఇంజను వేడెక్కే దాకా తొందరపెట్టకుండా నడిపితే అది పెద్దగా ఏడిపించదు. ఏడిపించేది క్లచ్.

నా కారులో ఉన్నది ఈ-గేర్. రెండే పెడళ్లు ఉంటాయి కాబట్టి చూసినవాళ్లు ఆటోమేటిక్ అనుకుంటారు. లోపల ఉన్నది మాత్రం మాన్యువల్ గేర్‌బాక్సే. మామూలుగా మన ఎడమకాలు చేసే పనిని హైడ్రాలిక్ పంపు, కంప్యూటరు కలిసి చేస్తాయి. ఆటోమేటిక్ కారులా బ్రేకు వదలగానే ముందుకు పాకదు. యాక్సిలరేటరు నొక్కితేనే క్లచ్ పట్టుకోవడం మొదలుపెడుతుంది, అలా పూర్తిగా పట్టుకునే లోపలే అరుగుతుంది. అందువల్ల ఎక్కువగా హైవే మీద ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన కారులో క్లచ్ ఇంకా మిగిలి ఉండవచ్చు. సిగ్నళ్ల మధ్యే తిరిగిన కారులో పది వేలకే చేతులెత్తేయవచ్చు. మీటరులో కిలోమీటర్లు చూసి ధర కట్టే మన అలవాటు ఇక్కడ చెల్లదు.

కాబట్టి కారు చూడటానికి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, డయాగ్నస్టిక్ కంప్యూటరు పెట్టి క్లచ్ అరుగుదల ఎంత శాతమో చూపిస్తారా అని. కొందరు అమ్మకందారులు ఆ మాట వినగానే కారు వేరేవాళ్లకు ఖాయమైపోయిందన్నారు. నేను కొన్న కారు యజమాని మాత్రం అభ్యంతరం చెప్పలేదు. తెరమీద క్లచ్ డెబ్బై శాతం దాకా అరిగిందని చూపించింది. ఆ ఒక్క అంకెను పట్టుకుని ధర తగ్గించగలిగాను. క్లచ్ ఎలాగూ మార్చాలని ముందే తెలిసి కొనడం, కొన్న మూడో నెలలో తెలుసుకోవడం కన్నా ఎంతో నయం.

అదే కంప్యూటరులో ఇంజను ఎంత సేపు ఏ వేగంతో తిరిగిందో కూడా చదవవచ్చు. దానితోపాటు చెవిని నమ్ముకోవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. కారు తలుపు తీయగానే వెనక నుంచి ‘జూ’మని కొన్ని సెకన్ల పాటు ఒక చప్పుడు వస్తుంది. గేర్లు మార్చడానికి కావలసిన హైడ్రాలిక్ ఒత్తిడిని పంపు ముందుగానే సిద్ధం చేసుకుంటున్న చప్పుడది. కాసేపటికి ఆగిపోతే మంచిదే. ఇంజను ఆడుతున్నప్పుడు గేరు మార్చకపోయినా మాటిమాటికీ పంపు మోగుతుంటే, ఒత్తిడిని నిలవ ఉంచే అక్యుములేటరు నీరసించిందని అర్థం. దాన్ని పట్టించుకోకపోతే చివరికి పంపే కాలిపోతుంది. నాతో వచ్చిన మెకానిక్కు ఇంజను ఆపించి, తలుపు తీసి మూసి, మళ్లీ తీసి, గోడకు చెవి ఆనించి వినేవాడిలా వెనక బంపరు దగ్గర వంగి చాలాసేపు విన్నాడు. పెయింటు మీద అతను అంత సమయం పెట్టలేదు.

బేరం కుదిరాక కాగితాల వంతు. దిగుమతి అయిన కారు కనుక తొలి ఇన్వాయిస్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టుతోపాటు కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి వివరాలు నమోదైన కాగితం, ప్రతి కూడా అడిగాను. ఖరీదైన దిగుమతి కార్ల విలువను తక్కువగా చూపి సుంకం ఎగవేశారన్న ఆరోపణలపై కేసులు హైదరాబాద్ దాకా వచ్చిన ఈ రోజుల్లో ఆ కాగితం లేని కారు జోలికి పోకపోవడమే మంచిది. మధ్యవర్తుల చేతిలో కారు వదిలిపెట్టడం కూడా ఎవరికీ సలహా ఇవ్వను. 2024 ఏప్రిల్‌లో నగర శివారు మామిడిపల్లి దగ్గర డబ్బు తగాదాలో ఒక గల్లార్డోను తగులబెట్టిన వార్త చాలామంది చదివే ఉంటారు. అమ్మిపెడతామని తీసుకెళ్లినవాళ్లకూ యజమానికీ మధ్య లెక్క తేలకపోతే ఇలాంటి కారు వెంటనే పావుగా మారుతుంది.

కర్ణాటక నంబరుతోనే తిప్పుకోమని సలహా ఇచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పైగా 2021 ఆగస్టులోనే మన రవాణా శాఖ అధికారులు పన్ను కట్టకుండా బయటి నంబర్లతో తిరుగుతున్న ఖరీదైన కార్లను పట్టుకుని షెడ్డుకు తరలించారు. అందుకే బెంగళూరు ఆర్టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, కారు మీద కేసులేమీ లేవన్న పోలీసు పత్రం తెప్పించుకుని, ఖైరతాబాద్‌లో దరఖాస్తు పెట్టుకున్నాను.

ఇక్కడ కొనేవారు లెక్క వేసుకోవలసిన విషయం ఒకటుంది. లైఫ్ ట్యాక్సు మనం కొన్న ధర మీద వేయరు. కారు కొత్తగా ఉన్నప్పటి ఇన్వాయిస్ ధరను ఆధారం చేసుకుని, కారు వయసును బట్టి తగ్గుతూ వచ్చే శాతాన్ని వేస్తారు. పదేళ్ల తర్వాత కారు ధర సగానికి పడిపోయి ఉండవచ్చు గానీ పన్ను లెక్క మాత్రం 2011 నాటి షోరూము ధర దగ్గరే మొదలవుతుంది. పైగా మన రాష్ట్రంలో ఒకే వ్యక్తి పేరు మీద రెండో వాహనమైతే రెండు శాతం అదనం. బెంగళూరులో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడిగే హక్కు ఉంది. దరఖాస్తు చేశాను, వచ్చింది కూడా, కానీ అది ఎప్పటికి వస్తుందో చూసుకుని ఇక్కడి పన్ను కట్టాలనుకుంటే కుదరదు. ఫ్యాన్సీ నంబరు కోసం వేలంలో పాల్గొనమని స్నేహితులు ప్రోత్సహించారు. ఆ డబ్బుతో రెండు టైర్లు వస్తాయని ఊరుకున్నాను.

బీమాలో ఒక వింత ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం 1500 సీసీ దాటిన ప్రైవేటు కార్లన్నిటికీ ఒకటే, 2022లో నిర్ణయించింది 7,897 రూపాయలు. నా కారుకూ మా ఇంట్లోని పాత ఇన్నోవాకూ అదే. తేడా అంతా సొంత నష్టం భాగంలో ఉంటుంది. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ, అంటే బీమా కోసం లెక్కగట్టే కారు విలువ, ఎంతన్నది కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకోవలసిన అంకె. ఏజెంటు ప్రీమియం తగ్గుతుందంటూ తక్కువ ఐడీవీ చూపిస్తాడు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కగడతారు కాబట్టి, ఐడీవీ తగ్గించుకుంటే ఒక ముందు బంపరు, ఒక హెడ్‌లైటు, ఒక రేడియేటరు పోయినా కారు చేజారే ప్రమాదం ఉంది. ఈ వయసు కారుకు జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల పాతదనానికి కోత పెట్టని పాలసీ, ఇచ్చే కంపెనీ దొరకడమూ కష్టమే. దొరికిన పాలసీలో ఫ్లాట్‌బెడ్ లారీ మీద, అంటే నాలుగు చక్రాలూ పైకెక్కించి, తరలింపు ఉందో లేదో చూసుకున్నాను. ముందు చక్రాలను గాల్లోకి ఎత్తి లాక్కుపోయే మామూలు టోయింగ్ బండి ఈ ఫోర్ వీల్ డ్రైవ్ కారుకు పనికిరాదు.

ఇక రోడ్డు సంగతి. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టించింది ట్రాఫిక్కు కాదు, స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. అలా కట్టినవాటి మీద నా కారు ఇబ్బంది లేకుండా పోతుంది. కాలనీ సంఘాలు రాత్రికి రాత్రి వేయించే నిట్టనిలువు గట్ల సంగతి వేరు. నా కారు ముందు బంపరు అంచు కింద నా గుప్పిట నిలువుగా పడితే గొప్ప. ముందు భాగాన్ని కొద్దిగా పైకెత్తే లిఫ్ట్ మీట ఉంది. మెల్లగా పోతున్నప్పుడే పనిచేస్తుంది, వేగం పెరిగితే దానంతటదే దిగిపోతుంది. ఎత్తడానికి పట్టే కొద్ది క్షణాలు వెనక ఆటోవాలాకు చాలా ఎక్కువ. అందుకే గట్టు కనిపించడానికి చాలా ముందే మీట నొక్కి, గట్టును నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రంగా దాటిస్తాను. అలా ఏటవాలుగా తిప్పేటప్పుడు పక్క సందులోంచి దూరిపోవాలని చూసే బైకును కనిపెట్టుకోవడం ఇంకో పని.

నేను తిరిగే దారులన్నిట్లో ఏ గట్టు ఎలాంటిదో నాకు కంఠస్థం. జూబ్లీహిల్స్‌లో ఇంటి నుంచి అవుటర్ రింగు రోడ్డు కోకాపేట ప్రవేశం దాకా రెండు దారులు ఖరారు చేసుకున్నాను. వానాకాలంలో ఒకటే మిగులుతుంది. వేసవిలో వేసిన తారు తొలకరికి లేచిపోయి గుంట పడితే దారి మార్చుకోవలసిందే. కొత్త చోటికి రమ్మని ఎవరైనా పిలిస్తే ముందు మామూలు కారులో వెళ్లి ఆ దారి, వాళ్ల గేటు వాలు చూసి వస్తాను. నవ్వుతారు, నవ్వనివ్వండి. విరిగిన కార్బన్ ఫైబర్ ముక్క ధర వాళ్లకు తెలియదు.

మా అపార్టుమెంటు సెల్లారు వాలే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట బంపరు గీసుకుపోతుంది. వాచ్‌మన్ దగ్గర నాలుగు మందపాటి చెక్క పలకలు పెట్టి ఉంచాను. నేను లిఫ్టు దిగి వస్తుంటే చాలు, "సార్, పలకలేయాల్నా?" అని అడుగుతాడు. పలకల మీద వాలు కోణం తగ్గి కారు సాఫీగా దిగుతుంది. క్లచ్ మరీ అరిగిపోయేది వాలులో రివర్సు తీసుకునేటప్పుడు కనుక, ఎదురింటాయనతో మాట్లాడి పార్కింగు చోటు మార్చుకున్నాను. ఇప్పుడు సమతలం మీదే వెనక్కి తిప్పి, వాలు మాత్రం మూతి ముందుగానే ఎక్కుతాను. ఆయనకు బదులుగా స్తంభం పక్కన లేని చోటు దక్కింది, ఆయనా సంతోషమే.

ట్రాఫిక్కులో కూడా ఇలాంటి క్రమశిక్షణే కావాలి. సిగ్నలు దగ్గర స్టీరింగు వెనక ఉన్న, గేర్లు మార్చే రెండు ప్యాడిళ్లను ఒకేసారి లాగితే న్యూట్రల్ పడుతుంది. ముందు బండి ఒక అడుగు కదలగానే నేనూ కదలను. కారు సాఫీగా దొర్లడానికి సరిపడా ఖాళీ ఏర్పడ్డాకే గేరు వేస్తాను. ఆ ఖాళీలోకి ఎలాగూ రెండు బైకులు, ఒక ఆటో దూరుతాయి, వాటికి దారి ఇచ్చేశాక మళ్లీ ఖాళీ కోసం చూడాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు మీద బ్రేకు బదులు యాక్సిలరేటరుతో కారును నిలబెడితే కాసేపట్లోనే కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. అందుకే ఆదివారాలు తెల్లవారక ముందే బయలుదేరి, పాల వ్యాన్లు తిరిగే వేళకు అవుటర్ మీద ఉంటాను. 158 కిలోమీటర్ల అవుటర్‌లో మొదటి రెండు లేన్లకు 120 పరిమితి. ఈ కారు 120 వేగంలో ఆవులిస్తున్నట్టే ఉంటుంది, నాకు మాత్రం అది చాలు.

దారిలో యువకులు బైకుల మీద పక్కకు వచ్చి ఫోన్లు ఎత్తి పట్టుకుని, "అన్నా, ఒక్కసారి రేజ్ చెయ్యి అన్నా!" అని అరుస్తారు. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఫోను; చూపు నా కారు మీద, ముందు గుంట. నేను మెల్లగా వేగం తగ్గించి వాళ్లను ముందుకు పోనిస్తాను. కంపెనీ సైలెన్సరును మార్చకుండా ఉంచడం కూడా ఇందుకే. పోలీసులు ఆపినప్పుడు మాట్లాడుకోవలసింది తక్కువగా ఉంటుంది.

పెట్రోలు విషయం క్లుప్తంగా చెబుతాను. తయారీదారు చెప్పే ఆక్టేన్, అంటే పెట్రోలు వేళకు ముందే మండకుండా తట్టుకునే కొలత, 98. 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు మన దేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. మన నగరంలో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. నగరంలో నాకు లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు వస్తుంది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక నాకున్న బెంగ ఆక్టేన్ గురించి కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నా కారేమో వారాల తరబడి నిలిచి ఉంటుంది. అందుకని ట్యాంకులో పెట్రోలును ఎక్కువ రోజులు నిలవ ఉంచను.

నిలిచి ఉన్న కారు ఖర్చు పెట్టించదనుకోవడం పొరపాటు. ఇది పాడి గేదె లాంటిది, పాలు పిండినా పిండకపోయినా మేత తప్పదు. బ్యాటరీకి ఎప్పుడూ చిన్న ఛార్జరు తగిలించి ఉంచాలి, లేకపోతే అలారమూ కంప్యూటర్లూ కలిసి దాన్ని తాగేస్తాయి. ఎలుకలు వైర్లు కొరకకుండా ఇంజను చుట్టూ కలరా ఉండలు పెట్టి, వారానికోసారి మూత ఎత్తి చూస్తాను. టైర్లు అరిగి కాదు, ముసలివై పోతాయి. టైరు గోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కారుతో వచ్చిన టైర్లకు పువ్వు చెక్కుచెదరలేదు, వయసు మాత్రం ఏడేళ్లు. ముందు 235/35, వెనక 295/30, పందొమ్మిది అంగుళాల కొలతలు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టాక ఈ కొలతలు దొరకడం గగనమైంది. వెనక రెండు దొరికాయి, తీసుకోమన్నాడు డీలరు. ఈ కారులో ముందు చక్రాలకు శక్తిని పంపేది చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగ్. ముందు వెనకల టైర్ల చుట్టుకొలతల నిష్పత్తి తేడా పడితే అది నిరంతరం వేడెక్కి పాడవుతుంది. నాలుగూ ఒకే తయారీవి దొరికేదాకా నెలల తరబడి కారు సెల్లారులోనే ఉంది.

క్లచ్ మార్పించింది రెండో ఏడాది. మొదట రెండో గేరులో ఇంజను శబ్దం పెరిగి కారు వేగం మాత్రం అంత పెరగకపోవడం గమనించాను. బెంగళూరులో ఈ పని తెలిసిన వర్క్‌షాపుకు ఫ్లాట్‌బెడ్ మీద, 44వ నంబరు జాతీయ రహదారి వెంట రాత్రిపూట పంపించాను. నేను విమానంలో వెళ్లి గేర్‌బాక్సు దింపే రోజు దగ్గరుండి చూశాను. ఇంజను సీటు వెనక, గేర్‌బాక్సు ఇంకా దాని వెనక ఉండటం ఈ కారులో మన అదృష్టం, ఇంజను దింపనక్కర్లేదు. వెనక బంపరు, సైలెన్సరు, అడ్డంగా ఉన్న ఫ్రేము తీసేశాక గేర్‌బాక్సు జాకీ మీదికి వచ్చింది. పాత క్లచ్ ప్లేటు చేతికిచ్చారు. రివెట్ల తలలు మెరుస్తున్నాయి, వేడికి అంచు నీలంగా కమిలింది. ప్లేటు ఆనుకునే ఫ్లైవీలు చక్రం కూడా మార్చాలన్నారు, చూస్తే నిజమే.

భాగాలు ఇటలీ నుంచి రావడానికి చెప్పిన గడువు ఒకటి, వచ్చింది ఒకటి. ఆ వర్క్‌షాపు అడ్వాన్సు తీసుకునేటప్పుడు చూపిన ఉత్సాహం ఫోను ఎత్తడంలో చూపలేదు. పని మాత్రం శుభ్రంగా చేశారు. కొత్త క్లచ్ బిగించాక అది ఎక్కడ పట్టుకోవడం మొదలుపెడుతుందో కంప్యూటరుకు నేర్పాలి. ఆ పని సరిగా చేయకపోతే కొత్త ప్లేటు కూడా జారుతూ కొద్ది కాలంలోనే పాతదవుతుంది. వాళ్లు నా ఎదుటే ఆ అమరిక చేసి, చుట్టుపక్కల నడిపి, మళ్లీ సరిచూసి, అరుగుదల సున్నా అని చూపిస్తున్న తెరను ఫోటో తీసిచ్చారు. విడిభాగాలు, సుంకం, కూలి, రవాణా కలిపి ఒక కొత్త చిన్న కారు ధర అయింది. కొన్నప్పుడు తగ్గించుకున్న మొత్తం దానికి దాదాపు సరిపోయింది. ఆ తర్వాత ప్రతి సర్వీసులోనూ శాతం రాయించుకుంటున్నాను. ఇప్పటికి అరుగుదల పాతిక లోపే ఉంది.

వాడకం ఇలా ఉన్నప్పుడు అమ్మేయవచ్చుగా అని ఇంట్లో అడుగుతారు. మా అమ్మయితే, "ఇంత డబ్బు పోసి కొన్నావు, సంచీ పెట్టుకోవడానికి కూడా చోటు లేదేమిట్రా?" అంటుంది. ముందు డిక్కీలో ఒక చిన్న సూట్‌కేసు పట్టే మాట నిజమే. సౌకర్యం లెక్కన చూస్తే ఈ కారు పక్షాన చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్ దాటాక ఖాళీ లేనులో మూడో గేరులో ఇంజను వేగం పెంచినప్పుడు పది సిలిండర్లూ పలికే పలుకు కోసం మిగతా వారమంతా ఈ తంటాలు పడుతున్నానని ఒప్పుకుంటాను. ఆ ఒప్పుదల లేకుండా కొంటే ఏడాదిలో అమ్ముకుంటారు. అలా ఏడాదిలో అమ్ముడైన కార్లను నేను కొనడానికి తిరిగినప్పుడు కొన్ని చూశాను.

ప్రస్తుతం నా ముందున్న పని రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ. 2011 కారుకు 2026లో పదిహేనేళ్లు నిండుతాయి. ఫారం 25 దరఖాస్తుతో కారును తనిఖీకి చూపించాలి, పాత వాహనాలపై వేసే హరిత పన్ను కట్టాలి. దిగుమతి అయిన నాలుగు చక్రాల వాహనానికి పునరుద్ధరణ రుసుము 40,000 రూపాయలని 2021 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్‌లోనే ఉంది. దానికి ముందు పొగ పరీక్ష చేయించి, కారు ముందు భాగాన్ని ఎత్తే లిఫ్టులో మొదలైన చిన్న ఆయిల్ కారడాన్ని సరిచేయించాలి. సీలు కోసం ఆర్డరు పెట్టాను. తనిఖీ కేంద్రానికి వెళ్లే దారిలో గట్లు ఎలా ఉన్నాయో చూసి రావడానికి రేపు ఇన్నోవాలో వెళుతున్నాను.